నేల ముట్టని రాజు

ఒర్బారా కొండల రాజ్యంలో పసివాడు గద్దెనెక్కితే, వాడు పెద్దవాడయ్యాడని తేల్చేది వయసు కాదు. పాదం. సింహాసనంలో వెన్ను ఆనించి కూర్చున్న రాజు పాదాలు నేల ముట్టాలి. ముట్టిన నాడే అతను రాజు. ముట్టనంత కాలం పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నవారిదే పెత్తనం. కాలు ఆనితే కాలం మారుతుంది, అంతే సంగతి.

ఈ ముక్క బ్రియాండా రాణి చెవిన పడింది మొగుడి శవపేటిక పక్కన. అడవిపందిని వేటాడబోయి తానే వేటైపోయాడా మహానుభావుడు. ముసలి దివాను దోన్ ఫోర్తున్ వంగి, "తల్లీ, ఏడవకండి. చిన్నదొర కాళ్ళు నేల ముట్టేదాకా ఏలుబడి మీదే" అన్నాడు. రాణి వెంటనే కళ్ళు తుడుచుకుని కాళ్ళు చూసింది. నాలుగేళ్ళ ఎనెకో కాళ్ళు ముల్లంగి దుంపల్లా బొద్దుగా, పొట్టిగా, గాలిలో ఊగుతున్నాయి. ఆమెకు కొడుకు మీద అంత ప్రేమ అంతకుముందెన్నడూ పుట్టలేదు.

ఆమెను మరీ అనకూడదు కూడా. సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పుచేపల పీపాలతో పాటు దిగిన కోడలు ఆమె. అత్తింట్లో పీపాలకున్న గౌరవం ఆమెకు ఉండేది కాదు. పీపాలనైనా రోజూ ఎవరో ఒకరు మూత తీసి చూసేవారు. బల్ల చివర కూర్చుని చల్లారిన పులుసు తాగిన ఆ నోటికి, ఒక్క మాటతో వంటశాల మొత్తం వణికిపోతుంటే ఆ రుచి తెగ నచ్చేసింది. నచ్చింది సరే, మరి వదలాలి కదా!

వదల్లేదు. సింహాసనానికి నాలుగు కాళ్ళు, ఆమె పీటకు మూడు, పెత్తనానికి మాత్రం వెయ్యి. చెస్ట్‌నట్ కాయల మీద పన్ను వేసింది. కోట ముందు చెక్కబూట్లు టకటకలాడకూడదంది. తన పుట్టినరోజును పండగ చేసి, ఆ పండక్కి కానుకలు తెచ్చిపెట్టమంది. ఎనెకో ఏదైనా అనబోతే, "నువ్వుండు నాన్నా, పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు" అనేది. రాజమాత ఉన్నచోట రాజు మాట ఉండదు మరి.

వచ్చిన చిక్కల్లా పిల్లలు పెరగడమే. ఆ సంగతి ఆమెకు ఎవరూ ముందుగా మనవి చేసుకోలేదు. మొదట గొర్రెపాలు ఆపించింది. పాలు తగ్గిస్తే పాలన పెరుగుతుందని ఆమె లెక్క. వాడు వంటశాలలో పడి జున్ను మింగి మరింత సాగాడు. గద్దె మీద వాడి కింద మెత్త వేసింది. మెత్త మీద మెత్త వేసింది. మెత్తలు నలిగాయి కానీ వాడు నలగలేదు. చివరికి వడ్రంగి మార్తీని పిలిపించింది.

"కాళ్ళు అతకాలి."

"అయ్యో, ఎవరికమ్మా?"

"సింహాసనానికి."

"అరిగిపోయాయా?"

"అబ్బాయివి పెరిగిపోయాయి."

మార్తీ రంపం తీశాడు. ఏటా మంచు కరగ్గానే వచ్చి, పాత కాళ్ళు ఊడదీసి పొడుగువి బిగించి పోయేవాడు. సభలో అందరికీ తెలుసు, ఒక్కరూ తెలిసినట్టు ఉండరు. బిషప్పు గారైతే, "సింహాసనం ఎదుగుతోందంటే రాజ్యం ఎదుగుతున్నట్టే" అని సెలవిచ్చి, తన మఠానికి ద్రాక్షతోట రాయించుకున్నారు.

ఎనెకోకి మీసం వచ్చేసరికి గద్దెక్కడానికి నిచ్చెన వచ్చింది. పైన వాడి తల వెల్వెట్ పందిరికి తగిలేది. కింద మంత్రుల మెడలు పట్టేసేవి. దోన్ ఫోర్తున్‌ది గూని నడుము, తల పైకెత్తలేడు, కాబట్టి అతను రాజుగారి ముఖం చూసి ఏళ్ళు గడిచాయి. రాజుగారి బూట్లతోనే మాట్లాడి, బూట్లకే దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాడు. వంటశాలలో ఆడవాళ్ళు ఉల్లిపాయలు తరుగుతూ, "ఎనెకో ఏలుబడి ఎన్నేళ్ళకో" అని రాగం తీసేవారు. రాణి చెవిన పడితే, ఉల్లిపాయల ఘాటుకి వచ్చిన కూనిరాగమని చెప్పుకునేవారు.

ఆ ఏడు సెయింట్ మార్టిన్ పండగకు రాణి పుట్టింటి నుంచి రాయబారి వస్తున్నాడని కబురొచ్చింది. తనను ఉప్పుచేపలతో పాటు సాగనంపిన అన్నగారి మనిషి! అతని ముందు మహారాణిలా వెలిగిపోవాలి. ఈ పొయ్యికట్టెల్లాంటి కాళ్ళ గద్దెను చూస్తే ఊరుకుంటాడా?

"గద్దె అనుకోడు తల్లీ, గద్దగూడు అనుకుంటాడు" అన్నాడు ఫోర్తున్ బూట్లకేసి చూస్తూ.

"కాళ్ళు కొంచెం కోయించండి" అంది మీది నుంచి ఎనెకో గొంతు.

"నువ్వుండు నాన్నా" అంది రాణి. అని, ఆలోచించి, మురిసిపోయింది. పండగనాడు ఊళ్ళ పెద్దలు రుమాల్లో పిడికెడు మట్టి తెచ్చి, "ఇదిగో మా నేల" అని సింహాసనం ముందు పోస్తారు. పీట మీది వారు "నేల ముట్టింది" అనాలి. అందిందని అర్థం. తాతల నాటి మర్యాద అది. "ఈసారి పిడికెళ్ళు కాదు, ఊరికో గంపెడు!" అని చాటింపు వేయించింది. పన్ను గురించి గొణిగే ఊళ్ళకు నడుములు వంగుతాయి, కట్టెకాళ్ళు మట్టిలో కప్పబడిపోతాయి, రాయబారి నోరు తెరుచుకుంటుంది. ఇంత తెలివి తనకు ఎక్కడినుంచి వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

పండగనాడు రాయబారి పట్టు చేతిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మీద ఎనెకో పందిరికి తల ఆనించి కూర్చున్నాడు. గంపలు వరుస కట్టాయి.

"ఇదిగో మా నేల."

"నేల ముట్టింది" అంది రాణి, గడ్డం ఎత్తి.

గంప మీద గంప. ఎర్రమట్టి, నల్లమట్టి, గులకరాళ్ళ మట్టి. ఒకడి గంపలో వానపాము కూడా వచ్చింది. రాణి ఒక్కో గంపకూ గొంతు పెంచుకుంటూ పోతోంది. నేల ముట్టింది! నేల ముట్టింది! గుట్ట పెరిగింది. కట్టెకాళ్ళు మునిగాయి. ఆమె చూపు గుట్ట మీద లేదు, రాయబారి ముఖం మీదే ఉంది, అతను ఎప్పుడు నోరు తెరుస్తాడా అని.

ఆఖరున పైకొండ ఊరి పెద్ద తోదా వచ్చింది. మొగుడు పోయాక ఊరి పెత్తనం నెత్తికెత్తుకున్న మనిషి, ముసలిది, గంప మాత్రం అందరికంటే పెద్దది. గుట్టెక్కి, రొప్పుతూ, పైకి చూసింది.

"దొరా, కాళ్ళు కాస్త ఎత్తు బాబూ. బూట్లు మట్టవుతాయి."

"అవనీ అవ్వా" అన్నాడు ఎనెకో.

అవని అంటే నేలేగా! తోదా గంప బోర్లించింది. "ఇదిగో మా నేల" అంది. రాజు బూట్లు రెండూ, మడమలతో సహా, మట్టిలో కుదురుగా దిగబడ్డాయి.

"నేల ముట్టింది!" అంది రాణి, గొంతంతా పెట్టి.

రాయబారి నిజంగానే నోరు తెరిచాడు.

"అమ్మా," అన్నాడు ఎనెకో మెల్లగా, "ఏమన్నావు? ఇంకోసారి అను."

అప్పుడు తిరిగి చూసింది రాణి. చూసి, పీట మీంచి లేచిపోయింది. "నేల కాదది! మట్టి! ఉత్త మట్టి!"

"ఓలమ్మో," అంది తోదా నడుం పట్టుకుని, "మట్టయితే ఇందాకటి నించీ నేల నేల అని అరిచింది ఎవరు తల్లీ? ఉత్త మట్టికా మా నడుములు విరగ్గొట్టావు?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత సభంతా నవ్వింది. దోన్ ఫోర్తున్ ఒక్కడే నవ్వలేదు. మట్టి బూట్ల దాకా, తన కళ్ళెదుటికే వచ్చింది కాబట్టి, గుట్ట మీద చెయ్యి పెట్టి తడిమి, "వెన్ను ఆనింది, పాదం ఆనింది, పీట మీది వారే నోరారా చెప్పారు. రాజుగారికి జయం" అన్నాడు. బిషప్పు గారు అంతకంటే ముందే మోకరిల్లేశారు. ద్రాక్షతోట చేజారకూడదు కదా పాపం.

ఎనెకో నిచ్చెన అడగలేదు. గుట్ట మీద నడిచి దిగి వచ్చాడు. తల్లి ముందు నిలబడితే ఆమె అతని భుజానికి కూడా రాలేదు.

"చెరువొడ్డు కన్యామఠానికి బండి కట్టిస్తున్నానమ్మా. సింహాసనం కూడా నీతోనే పంపిస్తాను. ఇన్నేళ్ళూ ఇష్టపడి పెంచుకున్నావు కదా."

"మరి నువ్వు దేని మీద కూర్చుంటావు?"

"నీ పీట ఉందిగా. కాళ్ళు ఆనుతాయి."

మఠంలో ఆ సింహాసనం భోజనశాలలో తప్ప ఎక్కడా పట్టలేదు. రాణిగారు మొదటి రోజే నిచ్చెన వేయించుకుని ఎక్కేసింది. పొట్టి కాళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. మీది నుంచి చూస్తే అన్నీ మళ్ళీ చిన్నగా, వణుకుతున్నట్టే కనబడ్డాయి. గొంతు సవరించుకుని హుకుం జారీ చేసింది. "ఇవాళ్టి నుంచి చెక్కబూట్లు చప్పుడు చేయరాదు!"

కింద పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న సన్యాసిని తల కూడా ఎత్తలేదు.

"మీ కాళ్ళు నేల ముట్టాయా అమ్మా?"

"లేదు."

"అయితే ఆచారం ప్రకారం పెత్తనం పీట మీద కూర్చున్నవాళ్ళదే" అంది ఆమె, ఇంకో ఉల్లిపాయ అందుకుంటూ. "పులుసు చల్లారిపోతోంది. దిగి రండి."