లోకల్ వాళ్ళకే ముందు

ప్రత్యేక తెలంగాణ కోసం చలో అసెంబ్లీ అని పిలుపిచ్చిన రోజది. పోలీసులు ఊరంతా ముళ్ళకంచెలు వేసుకుని కూర్చుంటే, కొత్తగూడలో మూడో అంతస్తులో సెలీనా పట్టుచీర కట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. సాయంత్రం కొత్త కంపెనీలకి సిఫార్సు చేసే కెనడా సంస్థవాళ్ళు వీడియోలో మాట్లాడతారు. వాళ్ళు సరేనంటే, కంపెనీ పెట్టినవాళ్ళకిచ్చే వీసా మీద ఇద్దరూ అక్కడికి వెళ్ళిపోవచ్చు. ఇద్దరూ అంటే సెలీనా, లింగమూర్తి. ఒకరు రానంటే రెండోవారికీ లేదు. అదీ షరతు.

కంపెనీ పేరు 'తోవ'. మూర్తి పెట్టిన పేరే. బంద్ నాడు ఏ రోడ్డు తెరిచి ఉందో, ఎక్కడ రాస్తారోకో నడుస్తోందో ఆఫీసు క్యాబులకి ఫోన్లో చూపిస్తుంది. ప్రోగ్రామంతా సెలీనాది. కబుర్లు మాత్రం మూర్తికొస్తాయి. మూసాపేట నుంచి డ్రైవర్ రాజయ్య, బోరబండ నుంచి ఇంకొకాయన, అందరూ మూర్తి జిల్లావాళ్ళు, మనవాడు కదా అని ఫోన్ చేసి చెబుతారు.

ఇంజనీరింగ్‌లో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇప్పుడు ఒకే గదిలో ఉప్పూ నిప్పూ. రాజయ్య కొడుకు సంతోష్‌ని పనిలో పెట్టుకుందామని మూర్తి రెండేళ్ళుగా పోరుతున్నాడు. ప్రతిసారీ సెలీనా ఒకటే పాట పాడింది. "టాలెంట్‌కి ఊరేంటి మూర్తీ? ఇది కంపెనీ, ధర్మసత్రం కాదు." అలా అంటూనే తెలిసినవాళ్ళ పిల్లలు నలుగురిని గుంటూరు నుంచి దింపింది. టాలెంట్ అంతా ఒకే బస్సెక్కి వచ్చింది మరి!

అలాగని ఆమె కోపం ఊరికే పుట్టిందీ కాదు. తండ్రి అబ్రహాం ఎప్పుడో టీచరు ఉద్యోగానికి గుంటూరు నుంచి వచ్చాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ మూసాపేటలోనే. ఆ పొద్దున ఆటో బేరమాడుతుంటే, ఆమె మాటతీరు విని రోడ్డు పక్కనున్నవాడెవడో "ఎప్పుడు పోతరు మీ ఊరికి?" అని అరిచాడు. పోతాను, ఈ ఊరి మొహం మళ్ళీ చస్తే చూడను అని పళ్ళు నూరుకుంటూ మెట్లెక్కింది.

"నువ్వు నవ్వుతూ కూర్చో చాలు. మాట్లాడేది నేను చూసుకుంటాను," అంది మూర్తితో.

"నవ్వుడు గూడ నువ్వే నేర్పుతవా ఇగ?" అన్నాడు మూర్తి, కుర్చీ లాక్కుంటూ.

తెర మీదికి తెల్లజుట్టు ఉన్న ఒకావిడ వచ్చింది. అక్కడ బంద్‌లు లేకపోయినా మంచు రోడ్లు మూసేస్తుందనీ, 'తోవ' అక్కడా పనికొస్తుందనీ సెలీనా ఇంగ్లీషులో గలగలా చెప్పుకుపోయింది. ఆవిడ అంతా విని, మర్యాదగానే ఒక మాట అడిగింది.

"బాగుంది. మీరొస్తే మా వాళ్ళకేమిటి లాభం?"

సెలీనా తడుముకోలేదు. "మొదటి ఉద్యోగాలన్నీ లోకల్ వాళ్ళకే. అనుభవం లేకపోయినా ఫరవాలేదు, మేమే నేర్పించుకుంటాం. ఎవరి ఊరికి బతకడానికి వెళ్ళామో వాళ్ళ పిల్లలకి పని ఇవ్వకపోతే అదేం వ్యాపారం?"

మూర్తి మొహంలో నవ్వు ఆరిపోయింది. ఆవిడ సంతోషంగా తలాడించి, "మీరేమంటారు?" అని అతన్ని అడిగింది.

"ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం," అన్నాడు మూర్తి, మంచి ఇంగ్లీషులో. "రెండేళ్ళుగా నేను ఆమెకి చెబుతున్నదీ అదే. ఇక్కడ లోకల్ వాళ్ళని ఎంతమందిని తీసుకుందో అడగండి."

ఆవిడ చూపు సెలీనా వైపు తిరిగింది. సెలీనాకి సిగ్గుతో మొహం మండిపోయింది, అంతకంటే ఎక్కువ కోపంతో.

"నేను మాత్రం రావడం లేదు," అన్నాడు మూర్తి. ఆవిడ థాంక్యూ చెప్పింది. తెర నల్లబడింది.

"నోటికాడి కూడు లాగేశావు కదరా!" అని సెలీనా కీచుమంది.

"తెల్లోళ్ళ పిల్లలకు నేర్పిచ్చుకుంటవ్. మా సంతోష్‌గానికి నేర్పియ్యనీకి నీకు చాతగాదు. ఆళ్ళు అడిగితె రూలు, మేమడిగితె లొల్లా?" మూర్తి ఫోన్ జేబులో వేసుకుని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

చీకటి పడకముందే ఇల్లు చేరాలని సెలీనా కిందికి దిగింది. క్యాబుల్లేవు, ఆటోల్లేవు. 'తోవ' తెరిచి చూసింది. కబురు చెప్పేవాడు లేక, ఊళ్ళో రోడ్లన్నీ పచ్చగా, తెరిచినట్టే కనిపిస్తున్నాయి. ఎదురుగా చూస్తే అడ్డంగా కంచె, దాని ముందు నేల మీద కూర్చున్న జనం.

వేరే దారిలేక, చివర్లో కూర్చున్న ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్ళింది. "అన్నా, మూసాపేటకి ఎటునుంచి వెళ్ళచ్చండీ?"

ఆయన ఆమె చీర వైపు చూశాడు, మొహం వైపు చూశాడు. "ఏ ఊరమ్మా మీది?"

"మూసాపేటే."

"అది మీరుండే జాగమ్మా," అన్నాడాయన. "నేను ఊరడిగిన."