రెండో కాలు

తెల్లారేసరికి మబ్బులు దారి మార్చుకున్నాయి. ఐదు నెలలుగా పడమటి నుంచి వచ్చి అరూ దీవుల మీద కురిసిపోయినవి, ఆ పూట తూర్పు నుంచి పల్చగా, చుక్క రాల్చకుండా సాగిపోతున్నాయి. అది చూశాక, పిట్ట తోలు కుట్టబోతున్న లాహిమ్‌కి సూదిలో దారం ఎక్కలేదు. గాలి తిరిగింది. మధ్యాహ్నం పోటుకి పడవ బయల్దేరుతుంది. మళ్ళీ పడవంటే ఏడాదికే. ఇంటి దగ్గర, తెర్నాతె దీవిలో, భార్యకి ఎనిమిదో నెల.

పిట్టల తోళ్ళు పోగుచేసి తన దేశం పట్టుకెళ్ళే హార్వెల్ దొర మాట మాత్రం ఒకటే: ఎర్ర రాజపిట్ట కాళ్ళతో సహా దొరికితేనే కదిలేది. ఆ పిట్టకి అసలు కాళ్ళే ఉండవని నమ్మేవాళ్ళు ఆయన దేశంలో ఇంకా ఉన్నారట. అరికాళ్ళు పుళ్ళు పడి ఆయన మంచం దిగి నెలయింది. అక్కణ్ణుంచే పిట్టల్ని కొలుస్తాడు, పేర్లు రాస్తాడు. తోలు ఒలిచి దూది కూరేది లాహిమ్.

పొద్దెక్కాక ముసలి వేటగాడు గొరావ్ ఆకు పొట్లంతో వచ్చాడు. మొన లేని మొద్దుబాణంతో కొట్టాడు, రక్తం మరకైనా లేదు. లాహిమ్ విప్పి చూశాడు. నిప్పులాంటి ఈకలు. కింద ఏమీ లేదు.

"కాళ్ళేవి తాతా?"

"కోసేశా. పిట్టలు కొనేవాళ్ళకి మా తాతలనాటి నుంచీ అట్టాగే ఇస్తన్నాం. దొరగారిదని మరీ నున్నగా కోశా, చూడు."

"కాళ్ళతో కావాలని చెప్పానా లేదా?"

"చెప్పావు. చేతికి అలవాటు. అయినా చచ్చిన పిట్ట ఎక్కడికి నడుస్తది అబ్బాయ్?"

"ఎక్కడ పారేశావు?"

"వాగవతల, మొద్దు కాడ."

లాహిమ్ పరిగెత్తాడు. ముసలాయన రొప్పుతూ వెనకే వచ్చాడు. వాగు దాటుతుంటే పడవ మీద మొదటి డోలు మోగింది. రెండో డోలుకి లంగరు ఎత్తేస్తారు. వట్టిచేతులతో వెనక్కి పోతే దొర కదలడు. లాహిమ్ ముందుకే పోయాడు.

మొద్దు దగ్గర ఎర్రచీమల బారు. ఒక కాలు ఆకు కింద నీలంగా మెరుస్తూ దొరికింది. రెండోదాని కోసం బారు వెంట మోకాళ్ళ మీద పాకాడు. పుట్ట దగ్గర చిక్కింది గానీ, తోలు పోయి ఎముక మిగిలింది.

"ఇంకో పిట్ట కాలు కుట్టెయ్యరాదా? నీకు చేతనవును గదా," అన్నాడు గొరావ్.

"నీలం కాళ్ళ పిట్ట ఇంకోటి చూపించు, కుడతా."

గుడిసెలో దొర ఆ కాలునీ ఎముకనీ కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని చాలాసేపు తిప్పాడు. లాహిమ్ గుమ్మంలో నిలబడి సముద్రం వైపే చెవి పెట్టాడు.

"ఒకటి చాలు," అన్నాడు దొర చివరికి. "పెట్టెలు కట్టు."

ఆ మాట మీదే రెండో డోలు మోగింది.

లాహిమ్ ఒడ్డుకి ఉరికాడు. నడుంలోతు నీళ్ళలో నిలబడి తలగుడ్డ ఊపాడు, కేకలేశాడు. తెరచాప తూర్పుగాలికి నిండుగా పొంగి పగడపు దిబ్బ దాటిపోయింది.

తిరిగొచ్చేసరికి దొర పుళ్ళ కాళ్ళతోనే మంచం దిగి, పొయ్యి దగ్గర సగ్గుపిండి రొట్టెలు కాలుస్తున్నాడు. గొరావ్ ఎండుచేప తెచ్చి ఆకులో పెట్టి మూలకి పోయి నిలబడ్డాడు. లాహిమ్ కాస్త జరిగి అతనికి చోటిచ్చాడు. ముగ్గురూ తిన్నారు.