అవతలి పార్టీ కాగితం

ఎల్మర్ స్ట్రాండ్ ఆఖరి బల్ల కాళ్లు విప్పి నిలబెట్టి, అది ఊగకుండా ఒక కాలి కింద మడిచిన అట్టముక్క దోపాడు. ఐడహో కొండల్లోని ఆ చిన్న ఊళ్లో పోలింగెప్పుడూ బడి ఆటల హాల్లోనే. ఆ బడిని ఇరవై ఆరేళ్లుగా ఊడ్చి తుడిచేది అతనే కనుక బల్లలు వేసే పనీ అతనిదే. అరవై ఎనిమిదేళ్ల బక్కపలచటి మనిషి. కుడిచేతికి రెండు వేళ్లు లేవు, కుర్రతనంలో రంపపుమిల్లు మింగేసింది. పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతుంటే బల్లల బరువుకే అనుకున్నాడు.

పేరుకు అసలు ఎన్నిక నవంబరులో. కాని ఆ కౌంటీలో ఎవరు గెలిచేదీ ఈ మే నెలలోనే తేలిపోతుంది. రిపబ్లికన్లు తమలో తాము ఓటేసుకుని ఎవరిని నిలబెడితే వాళ్లే కౌంటీని నడిపే కమిషనరు. ఎల్మర్ తాతల నాటి నుంచీ డెమోక్రాటు. ఈసారి ఆ పార్టీకి నిలబడే మనిషే దొరకలేదు. అయినా ఆ పార్టీ జాబితాలో పేరున్నవాడికి అవతలి పార్టీ ఓటు కాగితం ఇవ్వరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు!

అవతలి పార్టీలో పోటీపడేది ఇద్దరు. ప్రూయెట్ అనే స్థలాల వ్యాపారి, గెలిస్తే కౌంటీ వృద్ధుల ఆసుపత్రిని అమ్మేస్తానని ఊరూరా చెప్పాడు. ఎల్మర్ భార్య లోర్నా పక్షవాతం వచ్చి ఆరేళ్లుగా అక్కడే మంచంలో ఉంది. అది అమ్ముడై మూతపడితే ఆమెను నూటనలభై మైళ్ల అవతలికి తీసుకుపోతారు. అప్పుడు రోజూ సాయంత్రం ఆమెకు అన్నం తినిపించేదెవరు?

ఆసుపత్రిని ఉంచుతానన్న రెండోవాడు వేడ్ హాలిస్. మిల్లు సమ్మెనాడు బస్సుల్లో బయటి కూలీలను దింపి సమ్మె విరగ్గొట్టిన మేస్త్రీ వాడే. ఎల్మర్ ప్రాణస్నేహితుడు మైలో కోవాచ్‌కు మళ్లీ ఎక్కడా పని దొరకకుండా చేసిందీ వాడే. నలభై ఏళ్లుగా ఎల్మర్ వాడి మొహం చూసి పలకరించింది లేదు.

గుడ్డికన్నా మెల్ల మేలంటారు. ఆ మెల్ల హాలిసే కావాలా దేవుడా, అనుకుంటూనే ఎల్మర్ మార్చిలో గడువు దాటకుండా కౌంటీ ఆఫీసుకు వెళ్లి పార్టీ మార్చుకుని సంతకం పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం వసారా తుడిచి, చేతులు కడుక్కుని వరసలో నిలబడ్డాడు. ఓటర్ల జాబితా ముందు కూర్చున్నది మైలో భార్య డోలీ. మైలో పోయి తొమ్మిదేళ్లు.

“నీ పేరు నాకు తెలీకనా ఎల్మరూ! ఇదిగో నీ కాగితం,” అంటూ డెమోక్రాట్ల దొంతర మీదికి చెయ్యి పోనిచ్చింది.

“అది కాదు డోలీ. అవతలిది.”

డోలీ కళ్లద్దాలు సర్దుకుని జాబితా చూసింది. పేరు పక్కన పార్టీ అక్షరం మీద వేలు ఆగిపోయింది.

“నాకు సరిగ్గా వినపడలేదు. పైకి చెప్పు.”

“రిపబ్లికన్.”

వెనక వరసలోని తలలన్నీ ఇటు తిరిగాయి.

“మా ఆయన ముందే పోయి బతికిపోయాడు,” అంది డోలీ. “ఉంటే ఈ మాటకి మళ్లీ పోయేవాడు.”

“పోయేవాడే.”

“ఆ హాలిస్‌గాడికేనా?”

ఎల్మర్ కాగితం అందుకున్నాడు. లోర్నా పేరెత్తితే డోలీ మెత్తబడి ఉండేది. మంచాన పడ్డ మనిషిని అడ్డం పెట్టుకుని మాట కాచుకోవడానికి అతనికి మనసొప్పలేదు. మూడువేళ్ల చేత్తో కలం పట్టుకుని హాలిస్ పేరు పక్కనున్న ఖాళీ సున్నాను సిరాతో నింపాడు. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

సాయంత్రం లోర్నా మెడకింద తువాలు చుట్టి, మెత్తగా చిదిమిన బంగాళాదుంప చెంచాతో పెట్టాడు.

“ఇవాళ ఒక ఎదవపని చేశానే. హాలిస్‌కి ఓటేశా. తిట్టవే. ఒక్కసారి నోరారా తిట్టు.”

మాట పడిపోయిన లోర్నా అతన్నే చూసింది. తరవాతి చెంచా కోసం నోరు తెరిచింది.

గిన్నె ఖాళీ అయ్యాక కుర్చీలో వెనక్కి వాలాడు. ఏడింటికి నర్సు వచ్చి, నిద్రపోతున్నాడనుకుని అడుగుల చప్పుడు కాకుండా గిన్నె తీసుకుపోయింది. మళ్లీ వచ్చి భుజం తట్టేసరికి ప్రాణం లేదు. బడిలో ఇంకా ఓట్లు పడుతూనే ఉన్నాయి.

హాలిస్ తొమ్మిది ఓట్లతో గెలిచాడు. ఆసుపత్రి నిలిచింది.

రెండువారాల తరవాత ఎల్మర్ ఇంటి టపా తీయడానికి వెళ్లిన డోలీకి ఒక ఉత్తరం దొరికింది. పార్టీ జాబితా పట్టుకుని, ఓటేసిన రిపబ్లికన్లందరికీ కృతజ్ఞత చెబుతూ హాలిస్ పంపినది. “సోదరుడట! వీడి మొహం మండా,” అని చింపబోయింది. చింపలేకపోయింది. ఆసుపత్రికి పట్టుకెళ్లి, లోర్నాకు అన్నం తినిపిస్తూ ఏడ్చింది. “నాతో ఒక్క ముక్క చెప్పకూడదటే వాడు?” అంది.

ఉత్తరం అక్కడే ఉండిపోయింది. లోర్నా మంచం పక్క కిటికీ గట్టు మీద, నీలి సిరాతో హాలిస్ సంతకం, దానికి పైన ముద్రించిన వరస: మన పార్టీ సోదరుడు ఎల్మర్ స్ట్రాండ్ గారికి.