ఒదాలిస్ కారులో చోటు

ఆదివారం పొద్దున బట్టలుతికి, ఇళ్ళ మధ్య నడవలో తీగ మీద ఆరేసి, నల్ల చిక్కుళ్ళు నానబోసి, ఒదాలిస్ వెళ్ళి కారులో కూచునేది. కారు తీసి ఎక్కడికీ వెళ్ళేది కాదు. తలుపు వేసుకుని కూచోడానికి శాంతా క్లారా ఊరంతటిలో ఆమెకున్న చోటు అదొక్కటే.

ఇల్లంటే రెండు గదులు. అత్తగారు ఎనేయిదా, మొగుడు రిగో, మరిది ఆంహెల్, అతని పెళ్ళాం, వాళ్ళ పిల్లలు. గదికీ గదికీ మధ్య తలుపు బదులు పాత దుప్పటి. ఎవరు దగ్గినా అందరికీ తెలుస్తుంది, ఎవరు ఏడ్చినా తెలుస్తుంది. కారు మాత్రం ఒదాలిస్‌ది. తండ్రి పోతూ ఆమెకిచ్చిన పోలండు బండి. ఆ ఊళ్ళో దాన్ని ముద్దుగా 'పోలాకీతో' అంటారు. కూచుంటే మోకాళ్ళు ముందు బల్లకు కొట్టుకునేంత ఇరుకు.

ఆమె బడిపిల్లల బట్టలు కుట్టే చోట పనిచేసేది. సీట్లలోంచి స్ప్రింగులు పొడుచుకొస్తుంటే ఒకసారి పాత పరుపు చింపి, అందులోని స్పాంజి కొలతకు కోసి పరిచి, మిగులు కాన్వాసు గుడ్డతో తొడుగులు కుట్టింది. తొడిగి కూచుంటే మోకాళ్ళ ముందు జానెడు ఖాళీ ఉంది. బయటినుంచి బండి ఎప్పటిలాగే ఉంది, పెరిగింది లోపలే. రిగోని పిలిచి చూపిస్తే కాళ్ళు బారచాపుకుని, నడుముకు హాయిగా ఉందన్నాడు.

తరవాత వంటింట్లో పరవగా మిగిలిన ప్లాస్టిక్ షీటు కోసి కాళ్ళ కింద వేసింది. తలుపుల లోపలి అట్టలు తేమకు ఉబ్బిపోతే, వాటిని అచ్చుగా పెట్టి కొత్తవి కోసి, పాత పెట్టె రెగ్జిన్ ఊడదీసి అంటించింది. స్టీరింగుకు దళసరి దారం దగ్గరదగ్గరగా చుట్టింది. పైకప్పుకు లేత నీలం దుప్పటి అతికించింది. ఒక్కో పనికి బండి లోపల ఒక్కో వైపు సాగింది. పైకప్పు పని అయ్యాక ఒదాలిస్ అందులో నిలబడి జుట్టు దువ్వుకుంది. పక్కింటి ఇలారియో తొంగి చూసి, ఎండకు ఆ జిగురు నిలవదని, అంచుల్లో సన్న మేకులు కొట్టమని చెప్పి వెళ్ళాడు.

ఆ వేసవిలో మొగుడూ పెళ్ళాం మొదటిసారి గొంతు తగ్గించకుండా మాట్లాడుకున్నారు. రిగో రొట్టెల బట్టీ నుంచి రాగానే ఇద్దరూ కారులోకి పోయి కాఫీ తాగేవాళ్ళు. తన నవ్వు అంత పెద్దదని ఒదాలిస్‌కు అప్పటిదాకా తెలీదు.

ఆ నవ్వు విని ఎనేయిదా తన ఊగే కుర్చీ మోసుకుంటూ వచ్చింది.

"నా కొడుకు మేడ కట్టాడని వీధంతా అంటోంది, నాకే తెలీలేదు. గాలి బాగానే ఆడుతోందే," అని కుర్చీ వేసుకుని కూచుంది.

అమ్మ ఎంత చోటు తింటుందిలే అన్నాడు రిగో.

ఒదాలిస్ మళ్ళీ సూది పట్టింది. కిటికీలకు తెరలు కుట్టింది, వెనక చెక్క అర బిగించింది, పాత టార్చిలైటు విప్పి కప్పుకు దీపం పెట్టింది. బండి ఇంకొంచెం సాగి ఒక మూల వచ్చింది. ఆ మూల తనదనుకుంది. ఊళ్ళో కరెంటు పోతే దీపం వెలిగేది అక్కడేనని మరిది పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఆ మూలకే చేరారు. ఇంకో మూల తెస్తే తోడికోడలు అక్కడ తీగ కట్టి పిల్ల బట్టలు ఆరేసింది. ఎంత కుడితే అంత ఇరుకు. ఆదివారాలన్నీ దానికే పోతున్నాయి. వేళ్ళనిండా సూదిపోట్లు. అయినా మానలేదు. మానితే ఉన్న చోటు కూడా పోతుందని భయం.

అంతలో కైబరియెన్ నుంచి అక్క మిరేయా కబురు పెట్టింది. కడుపులో గడ్డ కోస్తారట, కళ్ళు తెరిచేసరికి నువ్వుంటే బావుంటుందని. తల్లి పోయాక ఒదాలిస్‌ని పెంచింది ఆ అక్కే.

తాళాలు తీసుకుని వెళ్తే కారులో అత్తగారు కుర్చీలో నిద్రపోతోంది. తీగ మీద తడిబట్టలు, నేలమీద పుస్తకాలు. లేపితే ఎనేయిదా కళ్ళు తెరవకుండానే అంది:

"నా మోకాళ్ళు చూశావా? ఇప్పుడు లేచి ఎక్కడికి పోను? నీ అక్కను కోసేది డాక్టర్లు. నువ్వెళ్ళి కత్తెర అందిస్తావా?"

ఒదాలిస్ మొగుడివైపు చూసింది. రిగో కాఫీ కప్పులోకి చూశాడు.

"రేపు వెళ్దాంలే ఒదా. ఈలోగా మెల్లగా సర్దుతాం."

మర్నాడూ ఎవరూ సర్దలేదు. ఆమె రోడ్డు మీదికి పోయి, చెరుకు లారీ ఎక్కి వెళ్ళింది. చేరేసరికి ఆపరేషనైపోయింది. మిరేయా ఒంటరిగా కళ్ళు తెరిచి, ఒంటరిగా మళ్ళీ నిద్రపోయి, మళ్ళీ లేచి ఉంది. చెల్లెలి తలమీది దుమ్ము చేత్తో దులిపింది.

"బండి ఉంచుకుని లారీలో వచ్చావా?"

నిష్ఠూరంగా అడగలేదు. ఒదాలిస్ తల వంచుకుని అక్క దుప్పటి సర్దింది.

అక్క తేరుకున్నాక ఇంటికొచ్చి, కారులోకి కత్తెర తీసుకెళ్ళింది. పైకప్పు గుడ్డ అంచులు కత్తిరించి లాగేసింది. కప్పు దిగి, ఎనేయిదా కుర్చీ వెనక్కి ఊగినప్పుడల్లా తలకు తగలడం మొదలైంది. అర ఊడదీసింది. పిల్లలు పుస్తకాలు తీసుకుని ఇంట్లోకి వెళ్ళారు. తెరలు విప్పింది. తోడికోడలు మూతి ముడుచుకుని తీగ విప్పుకుంది. ఎనేయిదా రెండు చేతులా కుర్చీ పట్టుకుని కొన్నాళ్ళు ఉంది గాని, తలుపుల అట్టలు పోయాక కుర్చీయే పట్టలేదు. దించుకుని వెళ్తూ, ఈ పిల్లకు చోటంటే గిట్టదు అని ఇలారియోతో చెప్పింది.

చివరికి ముందు సీట్లు రెండే మిగిలాయి. ఒదాలిస్ కత్తెర పట్టుకుని కూచుంది. పక్క సీట్లో రిగో.

"ఇంకా తీస్తే నాకు కాళ్ళు పట్టవు," అన్నాడు.

"నేను అక్క దగ్గరికి పోతున్నాను. అక్కడే ఉంటాను. వస్తావా?"

అతను ఇంటివైపు చూశాడు. గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. అమ్మ మోకాళ్ళు, అని మొదలుపెట్టి ఆపాడు. తలుపు తీసుకుని దిగాడు. ఒదాలిస్ ఆ సీటు తొడుగు విప్పి, స్పాంజి లాగి బయట పెట్టింది. బండి మూసుకుంటూ వచ్చి ఆమె ఒక్కతికే సరిగ్గా సరిపోయింది. మోకాళ్ళు మళ్ళీ ముందు బల్లకు ఆనాయి. ఊరు దాటేదాకా ఏడ్చింది. అయినా బండి ఆపలేదు.

కైబరియెన్‌లో అక్క ఇంటి అరుగు మీద కుట్టుపని పెట్టుకుంది. వానలు వెళ్ళిన ఒక ఆదివారం రిగో బస్సు దిగి వచ్చాడు. చేతిలో బట్టల సంచి, చంకలో చుట్టచుట్టిన స్పాంజి. కారు చుట్టూ తిరిగి, పక్క తలుపు తీసి, చెయ్యి కూడా పట్టని సందులోకి చూశాడు.

"నాకు చోటుందా?" అన్నాడు.

ఒదాలిస్ అరుగు మీంచి లేవకుండా సూదీ దారం తీసి అతని ముందు పెట్టింది.

"నీ సీటు నువ్వు కుట్టుకో."

రిగో వీధి అంచున కూచున్నాడు. దారం కొస నోట్లో తడిచేసి, సూది ఎండకెత్తి పట్టుకున్నాడు. దారం ఎక్కలేదు. మళ్ళీ తడిచేశాడు. ఒదాలిస్ కాఫీ తాగుతూ చూస్తూ కూచుంది. చెయ్యి మాత్రం చాచలేదు.