గోడకు అవతలి ఈల

వేడినీళ్ళ పంపును ఆమె గోరంత తిప్పి, ధార కింద చెయ్యి పెట్టి ఆగింది. ఈ ఇంట్లో పంపు తిప్పిన కాసేపటికి గానీ నీళ్ళు మారవు. తొందరపడి ఇంకాస్త తిప్పితే ఒళ్ళు కాలుతుంది, కాలిందని వెనక్కి తిప్పితే వణుకు పుడుతుంది. అద్దెకు వచ్చిన కొత్తలో ఇంటి ఓనరు భార్య ఈ పంపు గురించి నొచ్చుకుంది గానీ, ఆమెకు దీని మీద కోపమేమీ లేదు. చేసే ఉద్యోగమే అది. తిప్పడం, ఆగడం, చూడడం.

ఆ ఉద్యోగం ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. పవర్ ఫిల్టర్లని ఒకసారి చెప్పింది. అప్పటినుంచి వంటింట్లో మంచినీళ్ళ ఫిల్టర్ మొరాయించినప్పుడల్లా ఓనరు భార్య వచ్చి తలుపు తడుతుంది. ఈ ఉదయమూ తట్టింది.

"అక్కా, చుక్క చుక్కగా వస్తోంది. ఆఫీసుకెళ్ళేలోపు ఒక్కసారి చూడరూ?"

ఆమె చూసింది. గొట్టంలో పాచి తీసి, కడిగి, మళ్ళీ బిగించింది. తన ఫిల్టర్లు వేరని చెప్పి ఉండొచ్చు. చెబుదాం చెబుదాం అనుకునేలోపు ఏళ్ళు గడిచిపోయాయి.

ఆమెది ఏ విషయంలోనైనా ఇదే వరస. నిదానమే ప్రధానమని చిన్నప్పుడు నాన్న మురిసిపోయిన గుణమే, సంబంధాలు చూసే వయసుకి అమ్మకు తలనొప్పి అయి కూర్చుంది. ఆలోచించి చెబుతానని ఈమె అనడం, ఆ ఆలోచన తెమిలేలోపు అవతల పెళ్ళికొడుక్కి ఇంకెక్కడో పెళ్ళయిపోవడం. ఆఫీసులో అందరూ ఆమెను నిదానం గారనే పిలుస్తారు, అదీ ఎదురుగానే. ఆమె పలుకుతుంది కూడా, కాస్త ఆగి.

ఆఫీసులో ఆమె గదికి కిటికీ లేదు. ఒక బల్ల, రెండు తెరలు, నడుము నొప్పికి దుప్పటి మడత వేసుకున్న కుర్చీ. సన్నటి మనిషి, నెరిసిన జడ, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. మిల్లుల్లో పెద్ద యంత్రాలు కరెంటును శుభ్రంగా వాడుకోవు. నున్నగా సాగాల్సిన అల నిండా ముళ్ళు లేపి లైనులోకి వదులుతాయి. ఆ ముళ్ళను కనిపెట్టి, ఒక్కోదానికీ సరిగ్గా ఎదురు ముల్లును పంపి చెరిపేసే పెట్టె ఈ ఫిల్టర్. చెరిగిందో లేదో మళ్ళీ తానే చూసుకుని దిద్దుకుంటుంది. చిక్కంతా ఆ దిద్దుకోవడంలోనే ఉంది. దిద్దుబాటు రవ్వంత ఆలస్యమైనా అప్పటికే అల తిరిగిపోయి ఉంటుంది, చెరపాల్సినదాన్ని కాస్తా పెంచుతుంది. పెరిగింది కదా అని ఇంకా గట్టిగా దిద్దుతుంది. చివరికి పెట్టె తన తప్పుతో తానే పోట్లాడుతూ ఈల వేయడం మొదలెడుతుంది. అంతదాకా రాకుండా, కంప్యూటర్లో ఆ పెట్టెకు నకలు కట్టి, ఎంత గట్టిగా దిద్దవచ్చో, ఎంత ఆలస్యాన్ని ఓర్చుకోగలదో ముందే తేల్చడం ఆమె పని.

గోడకు అవతల టెస్టు గది. బీరువా అంత పెట్టెను అక్కడ నిజం కరెంటుతో నడిపి చూసేది మాస్టారు. బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారేమీ కాదు. మీటర్లను పిల్లల్ని గదిమినట్టు గదుముతారని వచ్చిన పేరు. భార్య పోయాక గదమడం కాస్త తగ్గింది.

ఏళ్ళ తరబడి ఫ్యాన్ల హోరులో ఉండి ఉండి, సన్నటి శబ్దాలు ఆయన చెవికి అందడం మానేశాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు ఈల మోగుతూనే ఉన్నా పెట్టె ఆపకపోయేసరికి ఆమెకు అర్థమైంది. లేచి గోడ మీద ఒకసారి తట్టింది. పెట్టె ఆగింది. అప్పటినుంచి అదే వాడుక. ఈల వినిపిస్తే ఒకసారి తడుతుంది, నిలకడగా ఉంటే రెండుసార్లు. అవతల ఆయన గోడకు అరచెయ్యి ఆనించి నిలబడతారు. తన వంతుగా పెట్టె మీద స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పెట్టుకుంటారు, నీళ్ళు వణికితే పెట్టె వణుకుతున్నట్టే. అంతా బాగుంటే సాయంత్రం ఆ నీళ్ళు తాగేసి, గ్లాసు బోర్లించి ఇంటికెళతారు. దీని గురించి ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు.

ఈ రోజు మాస్టారి ఉద్యోగానికి ఆఖరి రోజు.

పోయిన వారం, మధ్యలో గోడ ఉందన్న ధైర్యంతో కాబోలు, ఆయన ఇంటర్‌కమ్‌లో అడిగారు.

"నిదానం గారూ, రిటైరయ్యాక మా ఊళ్ళో ఉందామనుకుంటున్నా. రెండు గదుల ఇల్లు. మీకూ ఇంకెన్నాళ్ళు సర్వీసు, మీరూ వచ్చేయకూడదూ? పెళ్ళంటే పెళ్ళి, కాదంటే ఇరుగుపొరుగు. మా అక్క కూడా ఆ రెండో గది అడుగుతోంది. నేను బయల్దేరే రోజు దాకా ఆగమన్నా."

"ఆలోచించి చెప్తానండీ."

"ఆలస్యం అమృతం విషం అన్నారు," అని నవ్వి పెట్టేశారు.

నిజానికి ఆలోచించడానికి ఏమీ లేదు. ఫోను పెట్టేయకముందే ఆమె మనసు ఆ ఇంటికి వెళ్ళిపోయింది. పక్క గదిలో ఇంకో మనిషి దగ్గడం వినిపించినా చాలనిపించింది. ఎన్నేళ్ళుగానో తనకు ఒంటరితనం అలవాటైందనుకుంది గానీ, అది అలవాటు కాదని, ఓర్పని ఆ మధ్యాహ్నం తెలిసింది. అయినా వారమంతా జవాబు నోట్లోనే ఉండిపోయింది.

ఇవాళ కొత్త పెట్టె, ఏదో బట్టల మిల్లుకి వెళ్ళేది. తెర మీద అల వెన్నలా సాగింది. అవతల స్విచ్ వేయగానే ఈల. ఆమె గోడ తట్టింది. ఆగింది. మళ్ళీ వేశారు, మళ్ళీ ఈల. భోజనాల వేళ దాకా ఇదే తంతు.

భోజనాలప్పుడు అందరూ చేరి మాస్టారికి గోడ గడియారం బహూకరించారు. "ఇన్నాళ్ళూ టైముకి రమ్మని చంపారు. ఇక టైముతో పని లేదంటే గడియారమిచ్చారు," అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. జనం పలచబడ్డాక ఆమె దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"మరి... ఏమంటారు?"

"ముందు ఆ ఈల తగ్గనివ్వండి మాస్టారూ. పెట్టె నిలబడ్డాక చెప్తాను."

ఆయన గడియారం వైపు చూస్తూ తలూపారు.

తప్పు మధ్యాహ్నం దొరికింది. కరెంటును కొలిచే కార్డు ఈసారి కొత్తది. చూసింది చూసినట్టు వెంటనే చెప్పదు, కాస్త సర్దుకుని చెబుతుంది. నకలులో ఆ జాప్యాన్ని ఆమె కలపలేదు. అందరిలోకీ తనే ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం ఆమెకు నవ్వూ సిగ్గూ తెప్పించింది. కలిపి నడిపితే తెర మీద అల కూడా ముళ్ళు లేచి పెరుగుతూ పోయింది. ఇప్పుడు నకలూ అసలూ ఒకే రకంగా పేచీ పెడుతున్నాయి. దిద్దుబాటు జోరు తగ్గించింది. అల మెల్లగా సర్దుకుంది. అంతటితో ఆ జోరు ఎంతో మాస్టారికి అంకె చెప్పేయొచ్చు. లైను బలహీనంగా ఉంటే ఎలా ఉంటుందో అని మళ్ళీ నడిపింది. మిల్లు లోడు ఒక్కసారిగా పెరిగితే ఎలా అని ఇంకోసారి. ఆ తర్వాత ఎవరూ అడగకపోయినా మొదటినుంచి మరోసారి. అప్పుడు ఇంటర్‌కమ్ ఎత్తి అంకె చెప్పింది.

అవతల స్విచ్ పడింది, ఫ్యాన్లు లేచాయి. ఆమె గోడకు చెవి ఆనించింది. ఈల లేదు. ఇంకాస్త ఆగి, రెండుసార్లు తట్టింది. అవతలినుంచి రెండు తట్టులు తిరిగి వచ్చాయి. అలా రావడం అదే మొదలు.

ఆమె ముఖం కడుక్కుంది, జడ విప్పి మళ్ళీ అల్లుకుంది. ఈ వయసులో ఏమిటిదని అద్దంలో తనను తానే కోప్పడి, టెస్టు గదికి వెళ్ళింది.

మాస్టారు గుమ్మం దగ్గరే ఉన్నారు. చంకలో గడియారం, చేతిలో సెల్‌ఫోను.

"మీ ఊరికి నేనూ వస్తాను మాస్టారూ. ఆ గదిలో ఉంటాను."

ఆయన చేతిలోని సెల్‌ఫోను వైపు చూసుకున్నారు.

"ఇప్పుడే అక్కకి మాటిచ్చానండీ," అన్నారు చివరికి. "పొద్దుట్నుంచీ ఒకటే ఫోన్లు. తను ఉంటున్న అద్దె ఇల్లు ఖాళీ చేయమంటున్నారట. మీరు మధ్యాహ్నం అలా అనేసరికి, కాదనడానికి మొహమాటపడుతున్నారనుకున్నా. సామాను కూడా బండెక్కించేసింది."

"మంచి పని చేశారు. పెద్దావిడ కదా, ఒక్కతే ఎక్కడుంటారు?"

ఈ ఒక్క జవాబు మాత్రం ఆమె నోటినుంచి ఆగకుండా వచ్చింది.

పెళ్ళి అన్న మాట ఇంకా మిగిలే ఉంది. దాన్ని ఎవరు ఎత్తాలో ఇద్దరికీ తెలియలేదు. ఆయన గడియారాన్ని రెండో చంకలోకి మార్చుకున్నారు.

"మీరు గోడ తట్టకపోతే, ఈ చెవులతో నన్నెప్పుడో ఇంటికి పంపేసేవాళ్ళండీ," అన్నారు మాస్టారు. "తెలీదనుకోకండి."

మెట్లు దిగుతుంటే ఆయన చంకలోని గడియారం టిక్కుటిక్కుమంది. అది ఆయనకు వినబడదని ఆమెకు తెలుసు. కింద గేటు మూసుకుంది.

పెట్టె తెల్లవార్లూ నడవాలి, ఆపే పని లేదు. ఆమె టెస్టు గది లోపలికి వెళ్ళి ఇటువైపునుంచి గోడను చూసింది. ఛాతీ ఎత్తులో, సున్నం మీద, అరచెయ్యి ఆనీ ఆనీ నల్లబడిన మచ్చ. దాని మీద తన చెయ్యి పెట్టింది. అవతల తన గదిలో ఎవరూ లేరు. కాసేపయ్యాక చెయ్యి తీసేసి, లైటు ఆర్పబోతూ పెట్టె వైపు చూసింది.

మాస్టారు నీళ్ళు తాగడం మరిచిపోయినట్టున్నారు. పెట్టె మీద స్టీలు గ్లాసు నిండుగా అలాగే ఉంది, నీళ్ళలో చిన్న వణుకైనా లేకుండా.