లేబుల్ గీకేసిన రికార్డు

గార్త్ తన సొంత పేరు మీద మొదటి ఆల్బమ్ పూర్తి చేసేనాటికి, బ్రూక్లిన్‌లో మా ఫ్లాట్‌బుష్ వీధుల్లో వాడి పేరు తెలియని కుర్రకారు లేదు. అప్పటికే వాడు కట్టిన పాటలు రెండు వేరేవాళ్ల ఆల్బమ్‌లలో వచ్చి రేడియోలో మోగుతున్నాయి. పాత జాజ్ బాకాలకి హిప్ హాప్ దరువు కలిపి కుట్టడంలో వాడిది మంచి చెయ్యి. వాళ్ల నాన్న లిన్వాల్‌కి మాత్రం అదొక పనిలాగే కనిపించేది కాదు.

లిన్వాల్‌ది సౌండ్ సిస్టమ్, అంటే పెద్ద స్పీకర్లతో రికార్డులు వాయించే సెట్టు. కింగ్‌స్టన్ నుంచి రికార్డుల పెట్టెతో వచ్చి ఇక్కడ డాన్సులకి సెట్టు పెట్టాడు. ఇరవై ఏళ్లు అతని స్పీకర్లు మోసింది నేనే. పోటీకొచ్చే పక్క సెట్టువాళ్లు తొంగిచూసినా ఏ పాటో తెలియకూడదని రికార్డు మీది లేబుల్ నానబెట్టి గీకేయడం మావాళ్ల అలవాటు.

అలా గీకేసిన రికార్డు ఒకటి గార్త్ ఆ పెట్టెలోంచి తీశాడు. అందులో ట్రంపెట్ ముక్క కాస్త కోసి, దాని చుట్టూ ఒక పాట కట్టాడు. ఆల్బమ్‌కి ప్రాణం ఆ పాటే. అది ఎవరి రికార్డో చెబితే అనుమతి తెచ్చుకుంటాం, మంగళవారంలోగా చెప్పకపోతే పాట తీసేయాల్సిందే అన్నారు కంపెనీ లాయర్లు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర వాడు ఆ పేరు అడిగాడు. నేనూ ఉన్నాను. లిన్వాల్ పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

"సౌండ్ వాడు పేరు చెప్పడురా. చెబితే రేపు పక్క సెట్టోడు వాయిస్తాడు."

"ఇంకా పక్క సెట్టు ఎక్కడుంది నాన్నా? నీ స్పీకర్లలో కూడా ఎలుకలు కాపురం పెట్టాయి."

తల్లి ఐసిల్డా తిండి దగ్గర గొడవ వద్దంది. ఇద్దరిలో ఒక్కరూ వినలేదు.

"పక్కోడి చొక్కా చెయ్యి కత్తిరించుకొచ్చి నేనూ టైలర్నే అంటే ఎలారా? ఒక్క వాయిద్యం ముట్టుకున్నావా నువ్వు?"

"నువ్వు ముట్టుకున్నావా? వాయించినోళ్ల పేర్లు గీకేసి నువ్వు పేరు తెచ్చుకున్నావ్. నేను కనీసం వాళ్లెవరో అడుగుతున్నా."

లిన్వాల్ ఫోర్కు కింద పెట్టాడు. నోట్లోంచి పై కట్టుడు పళ్లు తీసి పళ్లెం పక్కన పెట్టాడు. అతను అలా చేయగా నేనెన్నడూ చూడలేదు.

"ఆ రికార్డులో ట్రంపెట్ నాదే," అన్నాడు.

గాలిపోతున్న మాటలతోనే మిగతాదీ చెప్పాడు. అప్పుడతనికి పందొమ్మిదేళ్లు. పెద్ద ట్రంపెట్ మనిషి ఆ పూట స్టూడియోకి రాకపోతే, బయట నిలబడ్డ ఇతన్ని పిలిచి వాయించమన్నారు. రికార్డు బయటికొచ్చేసరికి దాని మీద ఆ పెద్దాయన పేరే ఉంది, ఆ పేరుకే గిరాకీ మరి. రెండేళ్లకి ఒక డాన్సులో ఎవడో విసిరిన సీసా తగిలి ముందుపళ్లు రాలిపోయాయి. ట్రంపెట్ అంతటితో సరి. ఆ లేబుల్ గీకింది పక్క సెట్టుకి భయపడి కాదన్నమాట. ఇరవై ఏళ్లు ఆ పెట్టె మోసిన నాకే తెలియదు.

"అయితే నీ పేరే వేయిస్తాను," అన్నాడు గార్త్.

"కాగితం ఏది? ఉన్న కాగితాలన్నిటి మీదా వాడి పేరే. వెర్నల్ లెడ్జిస్టర్. రాసుకో. అడిగావుగా, చెప్పాను."

పళ్లు పెట్టుకుని మళ్లీ తినడం మొదలుపెట్టాడు.

మంగళవారం గార్త్ కంపెనీకి వెళ్లి, పేరు దొరకలేదని చెప్పి ఆ పాట తీసేశాడు. మిగతా పదకొండు పాటలతో ఆల్బమ్ వచ్చింది. పనితనం ఉంది కానీ ఒక్క పాటా మనసులో నిలవదని పత్రికలు రాశాయి. కంపెనీ రెండోది అడగలేదు. ఆ తర్వాత ఆరేళ్లు వాడు చిన్న చిన్న స్టూడియోల్లో వేరేవాళ్ల పాటల వెనకే కూర్చున్నాడు.

ఆల్బమ్ వచ్చిన వారమే ఒక కాపీ తెచ్చి నాన్నకిచ్చాడు. నేనూ లిన్వాలూ ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాం. లిన్వాల్ వెనక అట్ట మీది పాటల వరసని వేలితో రెండుసార్లు చదివాడు. నాది ఏదిరా అన్నాడు.

"తీసేశా. ఆ దొంగోడి పేరు నా ఆల్బమ్ మీద వేస్తానా?"

వాడి గొంతులో కాస్త గర్వం ఉంది. నిజం చెప్పాలంటే, లిన్వాల్ సంతోషిస్తాడనే నేనూ అనుకున్నాను.

"పేరు వాడిదైనా జనం వినేది నన్ను కదరా," అన్నాడు లిన్వాల్. "అందుకే కదా చెప్పింది. ఇరవయ్యేడేళ్లయింది నేను ఊది. అప్పుడు స్టూడియోవాళ్లు తీసేసింది నా పేరొక్కటే. నువ్వు నా ఊపిరే కోసి పారేశావ్."

"ఆ రోజే చెప్పొచ్చుగా."

"నువ్వు పేరడిగావ్. నాకేం కావాలో అడిగావా?"

లిన్వాల్ ఆల్బమ్ నా చేతికిచ్చి, దీన్ని వాడికిచ్చెయ్ అన్నాడు. చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే కొడుకు నిలబడి ఉన్నాడు.