నలభై ఏడు పాటలు

మంగళవారం మధ్యాహ్నం 3.20కి పాట ఆగింది. పదకొండు సెకన్ల తర్వాత మళ్లీ మొదలైంది.

హాజీ మస్రాని వరండాలో గోడగడియారం కింద కూర్చుని సెకన్లు లెక్కపెట్టాడు. ఆ రోజు పాట ఆగడం అది తొమ్మిదోసారి. లేచి, లోపలికెళ్లి, తమ్ముడి కూతురు నోర్లైలాకి ఫోన్ చేశాడు. బడి వదలగానే రమ్మన్నాడు.

పాట అంటే వాలెట్ పిట్టల అరుపు. సంపిత్ ఊళ్లో మెంతాయా నది పక్క వీధిలో కింద మనుషులు, పైన పిట్టలు ఉండే ఇళ్లు పద్నాలుగు ఉన్నాయి. మస్రానిది అందులో ఒకటి. కింది అంతస్తులో అతనూ భార్య జుమ్రా ఉంటారు. పై మూడంతస్తులకు కిటికీలు లేవు. మేడ మీద ఒక్క ద్వారం ఉంది. పిట్టలు పొద్దున అందులోంచి వెళ్లి సాయంత్రం అందులోంచే వస్తాయి. లోపల దూలాలకు ఉమ్మితో గూళ్లు కట్టుకుంటాయి. సూపులో వేసుకునే ఆ గూళ్లకి మంచి ధర పలుకుతుంది. బయట తిరిగే కొత్త పిట్టల్ని పిలవడానికి, ఉన్నవాటిని నిలబెట్టుకోవడానికి, రికార్డు చేసిన అరుపు పగలూ రాత్రీ మోగాలి. అది వెనక గదిలోని కంప్యూటర్ నుంచి వస్తుంది. 2011లో కూతురి చదువు కోసం కొన్న కంప్యూటర్. దాని నుంచి తీగ ఆంప్లిఫయర్‌కి, అక్కణ్ణుంచి గోడలో కన్నం గుండా పైన అరవై నాలుగు స్పీకర్లకి వెళ్తుంది.

ప్రతి శుక్రవారం సాయంత్రం మస్రాని వీధిలో నిలబడి లోపలికి వెళ్లే పిట్టల్ని లెక్కపెడతాడు. జపం లెక్కకి వేలికి తొడుక్కునే మీట యంత్రం ఉంది అతని దగ్గర. పిట్టకొక నొక్కు. ఏడు వారాల క్రితం 340. పోయిన శుక్రవారం 212. పాట తడబడితే పిట్టలు ఇల్లు మారతాయని ఆ వీధిలో అందరూ నమ్ముతారు. మారడానికి ఇల్లూ ఉంది. నెలన్నర కిందట ఎదురుగా నాలుగంతస్తుల పిట్టల ఇల్లు తెరిచారు. దాని పాట తడబడదు.

నోర్లైలా 3.45కి స్కూటర్ దిగింది. ఒకేషనల్ బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది.

"పెదనాన్నా, ఇది కంప్యూటరా, వడ్ల మిల్లా? గేటు దాకా వినిపిస్తోంది."

"ఫ్యాను. నెల నుంచీ ఇంతే."

"ముందు ఆపేసి చూద్దాం."

"ఆపడానికి వీల్లేదు."

"ఐదే నిమిషాలు."

"అర నిమిషం కూడా. మేం హజ్‌కి వెళ్లినప్పుడే ఆపలేదు. మీ పెద్దమ్మ తమ్ముణ్ణి దీని ముందు కూర్చోబెట్టి వెళ్లాం."

వంటగదిలోంచి జుమ్రా అందుకుంది. "నా కాన్పుకి ఈయన ఊళ్లోనే లేడమ్మా. పిట్టలు గుడ్లు పెడితే మాత్రం మూడు రోజులు మెట్ల మీదే కూర్చున్నాడు."

"అప్పట్లో నేను పనిచేసే మిల్లు వాళ్లు సెలవివ్వలేదని పాతికేళ్లుగా చెబుతున్నాను," అన్నాడు మస్రాని.

"నేనూ పాతికేళ్లుగా వింటున్నాను."

నోర్లైలా కంప్యూటర్ నడుస్తుండగానే పక్క రేకు విప్పింది. ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము అట్టగట్టింది. రంగులేసే కుంచెతో దాన్ని రాల్చింది. ఒక బల్లి తోక కూడా రాలింది. ఫ్యాను చప్పుడు తగ్గలేదు.

"దుమ్ము ఒక్కటే కాదు," అంది. మీటలు మూడు కలిపి నొక్కింది. లోపల ఏయే పనులు నడుస్తున్నాయో చూపించే జాబితా తెరుచుకోవాలి. నాలుగు నిమిషాలు పట్టింది. ఈలోగా జుమ్రా టీ, అరటిపండు బజ్జీలు తెచ్చింది. పాట ఒకసారి ఆగింది. మస్రాని బజ్జీ చేతిలో పట్టుకుని, అది మళ్లీ మొదలయ్యేదాకా కొరకలేదు.

జాబితా వచ్చింది.

"ప్రాసెసర్ నూటికి నూరు పనిలో ఉంది."

"అంటే?"

"ఊపిరి సలపడం లేదు దానికి. ఎవరెవరు నెత్తినెక్కి కూర్చున్నారో చూడాలి. ఎవరివైనా పెన్‌డ్రైవ్‌లు పెట్టారా దీనికి? కాఫీ కొట్లో పాటలు మార్చుకుంటారుగా మీరంతా."

"వాళ్లు మార్చుకుంటారు. నేను నా పాట ఎవరికీ ఇవ్వను, ఎవరిదీ తీసుకోను. ఈ పెట్టెలో తప్ప నా పాట ఇంకెక్కడా లేదు."

నోర్లైలా జాబితాని కిందికి జరిపింది. పాటలు మోగించే ప్రోగ్రాం పేరు కనిపించింది. దాని కింద అదే పేరు. దాని కింద మళ్లీ అదే. ఒక్కోదాని పక్కన రెండు శాతం, రెండు శాతం అని ఉంది. ఆమె పెన్సిల్ కొసతో లెక్కపెట్టింది. రెండోసారి కూడా లెక్కపెట్టింది.

"పెదనాన్నా, ఇక్కడ నలభై ఏడు పాటలు మోగుతున్నాయి."

"ఒక్కటే కదా వినిపించేది."

"వినిపించేది ఒక్కటి. మోగేవి నలభై ఏడు. పొద్దున పాట ఎలా మారుస్తారో చెప్పండి. ఒక్కటి కూడా వదలొద్దు."

మస్రాని చెప్పాడు. తెల్లవారుజాము నమాజు అయ్యాక ఆ రోజు పాట తెరుస్తాడు. అది మోగడం మొదలయ్యాక నిన్నటి పాట శబ్దాన్ని సున్నాకి దించుతాడు. దించి, అడుగున దాచేస్తాడు.

"మూసెయ్యరా?"

"మూయను."

"ఎందుకు?"

"ఒకసారి మూయబోయి కొత్తదాన్ని మూశాను. ఇల్లంతా నిమిషం సేపు నిశ్శబ్దం. అప్పట్నుంచి దేన్నీ మూయను. గొంతు తగ్గిస్తానంతే."

"మీరు గొంతు తగ్గించారు. అవి నోరు మూసుకోలేదు. మీకు వినిపించకుండా లోపల పాడుతూనే ఉన్నాయి, అన్నీ, మొదట్నుంచి చివరిదాకా, మళ్లీ మొదట్నుంచి."

మస్రాని స్క్రీన్ వైపు చూశాడు. స్క్రీన్ అడుగున ఆ ప్రోగ్రాం బొమ్మ ఒక్కటే ఉంది. నలభై ఏడూ దాని వెనకే దొంతరగా ఉన్నాయని నోర్లైలా చూపించింది.

"ఎనిమిదేళ్లుగా ఇలాగే చేస్తున్నానే. మరి ఇప్పుడెందుకు వచ్చింది?"

"అదే నేనూ అడుగుతున్నా. దీనికి చివరిసారి కరెంటు ఎప్పుడు పోయింది?"

"ఇప్పుడు పోదు. బ్యాటరీ పెట్టించాను."

"ఎప్పుడు?"

అతను గోడ మీది క్యాలెండర్ దగ్గరికెళ్లాడు. బ్యాటరీ వచ్చిన తేదీకి సున్నా చుట్టి ఉంది. వేళ్లతో లెక్కపెట్టాడు.

"ఇవాళ్టికి నలభై ఏడు రోజులు."

"అంతకుముందు వారానికి రెండు మూడుసార్లు కరెంటు పోయేది కదా? పోయినప్పుడల్లా ఇది ఆగి, మళ్లీ ఖాళీ కడుపుతో మొదలయ్యేది. కరెంటాఫీసు వాళ్లు ఎనిమిదేళ్లు ఉచితంగా బాగు చేశారు మీ కంప్యూటర్‌ని."

జుమ్రా నవ్వింది. మస్రాని నవ్వలేదు.

"ఇంకోటి కూడా చూడండి," అంది నోర్లైలా. "అప్పట్లో కరెంటు పోయినప్పుడల్లా పాట ఆగేది. మూడొందల నలభై పిట్టలు వచ్చింది ఆ రోజుల్లోనే."

"అప్పుడు ఎదురిల్లు లేదు."

నోర్లైలా మౌస్ అందుకుంది.

పాతవి మూసెయ్యడం 4.25కి మొదలుపెట్టింది. జాబితాలో అన్నిటి పేరూ ఒకటే కాబట్టి, ఒక్కోదాన్ని పైకి తెచ్చి, శబ్దం సున్నా ఉందో లేదో మస్రాని చూసి "ఊఁ" అన్నాకే మూసింది. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు పట్టింది. పిట్టలు తిరిగొచ్చే వేళకి పని పూర్తవదని ఇద్దరికీ తెలిసింది.

4.58కి తొమ్మిదోదాన్ని మూస్తుండగా స్క్రీన్ బిగుసుకుపోయింది. మౌస్ కదల్లేదు. పాట ఆగలేదు, ముందుకీ వెళ్లలేదు. పిట్ట అరుపులో అర సెకను ముక్క ఒకటి అరవై నాలుగు స్పీకర్లలో అదే పనిగా మోగింది.

"దానంతటదే దారికి వస్తుందా?" అన్నాడు మస్రాని.

"రాదు. గట్టిగా ఆపెయ్యాలి."

"ఇలాగే ఉంచితే?"

"ఈ చప్పుడు విని మనుషులే పారిపోతారు పెదనాన్నా."

పాము దూరితే పిట్టలు అరిచే అరుపు అతను రెండుసార్లు విన్నాడు. ఇది దానికి దగ్గరగా ఉంది. నోర్లైలా చెయ్యి బటన్ మీద ఉంచి అతని వైపు చూసింది. అతను ఆంప్లిఫయర్ దగ్గరికెళ్లి, స్విచ్ తనే ఆపాడు. 5.01 అయింది.

నోర్లైలా కంప్యూటర్‌ని ఆపి మళ్లీ వేసింది. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు వచ్చాయి.

"మధ్యలో ఆపాం కదా, డిస్కు అంతా తనిఖీ చేసుకుంటోంది."

"ఎంతసేపు?"

"చెప్పలేను. ఒక శాతం అయింది."

మస్రాని మీట యంత్రం వేలికి తొడుక్కుని వీధిలోకి నడిచాడు. ఎదురింటి పాట ఒక్కటే మోగుతోంది. కాఫీ కొట్టు ముందు కూర్చున్న ఇద్దరు తలెత్తి అతని మేడ వైపు చూశారు. అతను వాళ్లని చూడలేదు.

5.10కి నది మీద మొదటి గుంపు కనిపించింది. వీధి మీద రెండుసార్లు చుట్టు తిరిగింది. కొన్ని ఎదురింటి ద్వారంలోకి వెళ్లాయి. ఒకటి అతని ద్వారం దాకా వచ్చి, వెనక్కి తిరిగి, మళ్లీ వచ్చి లోపలికి దూరింది. అతను మీట నొక్కాడు.

జుమ్రా తల మీది ముసుగు సర్దుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"లోపల ఇంకేదైనా రేడియో పెట్టావా?" అంది.

"లేదే."

"మరి ఆ పాట ఎవరిది?"

అతను రెండడుగులు వెనక్కేసి, మెట్ల తలుపు పక్క గోడకి చెవి ఆనించాడు. కళ్లు మాత్రం ద్వారం మీదే ఉన్నాయి. లోపల టకటకమని చప్పుడు. చీకట్లో దారి చూసుకుంటూ వాలెట్ పిట్ట చేసే చప్పుడు అది. దాని మీద అరుపులు. ఒకటి మొదలుపెడితే ఇంకో మూల నుంచి రెండు మూడు అందుకుంటున్నాయి. రికార్డులో అలా ఉండదు. రికార్డులో అన్నీ ఒకేసారి అరుస్తాయి.

"లోపలున్నవే," అన్నాడు. "గూళ్లలో పిల్లలు."

"ఇన్నాళ్లూ అరవలేదా అవి?"

"అరిచే ఉంటాయి."

ద్వారం దగ్గర మూడు పిట్టలు ఒకదాని వెనక ఒకటి దూరాయి. మూడు నొక్కులు. మసీదులో అజాన్ మొదలై ముగిసింది. జుమ్రా నమాజుకి లోపలికి వెళ్లింది. జపం చేస్తున్నట్టు నోరు కదుపుతూ అతను నొక్కుతూనే ఉన్నాడు.

5.44కి నోర్లైలా వెనక గది కిటికీలోంచి కేకేసింది.

"వచ్చేసింది పెదనాన్నా! ఇవాళ్టి పాట పెట్టాను, ఒక్కటే! ప్రాసెసర్ నాలుగు శాతం! వచ్చి స్విచ్ వెయ్యండి!"

అతను కదల్లేదు. ఆమె ఇంకోసారి కేకేసింది. తర్వాత లోపలికెళ్లి, నమాజు ముగించి చాప చుడుతున్న జుమ్రాని అడిగింది.

"పెద్దమ్మా, ఆయనకి వినపడలేదా?"

"వినపడింది," అంది జుమ్రా.

వీధి దీపాలు వెలిగాయి. కొట్టు ముందు మనుషులు లేచి వెళ్లారు. ఎదురింటికి ఎన్ని వెళ్లాయో మస్రాని లెక్కపెట్టలేదు.

6.04కి చివరి పిట్ట లోపలికి వెళ్లింది. అతను లోపలికొచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని నమాజు చేశాడు. తర్వాత కంప్యూటర్ ముందు నిలబడి, రేపు పొద్దున పాతదాన్ని ఎలా మూయాలో నోర్లైలా చేత రెండుసార్లు చూపించుకున్నాడు. 6.20కి ఆంప్లిఫయర్ స్విచ్ వేశాడు. మీట యంత్రంలో అంకె 231, పోయిన శుక్రవారం కంటే పంతొమ్మిది ఎక్కువ.